ఓటు లేకపోయినా లెక్కలో ఉన్నాం: మేరీలాండ్ ఆరో నియోజకవర్గం కథ

ఇల్లు కట్టే ముందు ముగ్గు పోస్తాం. ఆ ముగ్గు జానెడు పక్కకి జరిగిందంటే గోడ పక్కింటివాళ్ల జాగాలో లేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి సిమెంటు వాడినా తగువు తీరదు. ఎన్నికలదీ అదే తీరు. నియోజకవర్గం గీత ఎక్కడ పడిందో చూస్తే, ఓట్లు పడకముందే ఫలితం చాలావరకు తెలిసిపోతుంది. ఈ సంగతి మనవాళ్లకు చెప్పాలంటే మేరీలాండ్ రాష్ట్రంలోని ఆరో కాంగ్రెస్ నియోజకవర్గం కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. మన దగ్గర ఎంపీ సీటు ఉన్నట్టే ఇక్కడ కాంగ్రెస్ దిగువ సభకు 435 సీట్లు ఉన్నాయి. అందులో మేరీలాండ్ వాటా 8.

ఆరో నియోజకవర్గం రాష్ట్రానికి పడమటి వైపు ఉంటుంది. గారెట్, అలెగనీ, వాషింగ్టన్ కౌంటీల్లో అన్నీ కొండలు, పొలాలు, చిన్న ఊళ్లే. పాత మ్యాపులో ఈ సీటు పెన్సిల్వేనియా సరిహద్దు పొడుగునా తూర్పు దాకా సాగేది. రిపబ్లికన్ పార్టీకి చెందిన రాస్కో బార్ట్‌లెట్ 1992 నుంచి వరసగా పదిసార్లు ఇక్కడ గెలిచారు. 2010లో కూడా ఆయనకు 61 శాతం ఓట్లు పడ్డాయి.

అమెరికాలో పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి, వాటిని బట్టి గీతలు మళ్లీ గీస్తారు. 2010 లెక్కల ప్రకారం ఈ సీటులో సుమారు 10 వేల మందిని తగ్గిస్తే సరిపోయేది. కానీ డెమోక్రాట్ల చేతిలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వం 2011లో సుమారు 3 లక్షల 60 వేల మందిని బయటికి పంపి, 3 లక్షల 50 వేల మందిని లోపలికి తెచ్చింది. వాషింగ్టన్ డీసీకి దగ్గర్లో ఉన్న మోంట్‌గోమరీ కౌంటీలో కొంత భాగం ఇందులో కలిసింది. 2012లో డెమోక్రాట్ జాన్ డెలానీకి దాదాపు 59 శాతం, బార్ట్‌లెట్‌కు 38 శాతం వచ్చాయి. రెండేళ్లలో జనం మనసు అంతగా మారిపోయిందా? మారింది గీతే. అలాగని గీత ఉంటే చాలు, గెలుపు ఖాయం అనుకోవడానికీ లేదు. 2014లో అదే డెలానీ మూడు వేల లోపు ఓట్ల తేడాతో బయటపడ్డారు.

2018లో ఈ సీటుకు మన మనిషి ఒకరు పోటీకి దిగారు. అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, మోంట్‌గోమరీ కౌంటీలో రోడ్లు, రవాణా పనులు చూశారు. మా పనికి దగ్గరి పని కాబట్టి ఆ ఎన్నిక మాకు గుర్తుండిపోయింది. డెమోక్రాట్ల ప్రైమరీలో, అంటే పార్టీ లోపలి పోటీలో, ఆమెకు 30 శాతం పైన ఓట్లు వచ్చాయి. సొంత డబ్బు బాగా ఖర్చుపెట్టిన వ్యాపారి డేవిడ్ ట్రోన్ 40 శాతంతో గెలిచారు. అరుణ ఓడినా ఆగలేదు. 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు.

ఈలోగా ఆరో నియోజకవర్గం గీత మీద కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఉత్తర కరోలినాలో రిపబ్లికన్లు గీసిన మ్యాపు మీద కేసు కూడా దానితోనే విచారణకు వచ్చింది. చూశారుగా, ఈ పని ఒక పార్టీది మాత్రమే కాదు. పార్టీ లాభం కోసం గీసిన గీతల మీద ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పలేవని 2019 జూన్ 27న 5-4 తేడాతో తేల్చారు. తర్వాత 2022లో మేరీలాండ్ రాష్ట్ర కోర్టు కొత్తగా వేసిన ఇంకో మ్యాపును కొట్టేసింది. దాంతో మళ్లీ గీశారు. ఇప్పుడు ఫ్రెడరిక్ కౌంటీ అంతా ఆరో సీటులోనే ఉంది, పోటీ కూడా గట్టిగా ఉంటోంది.

అదే 2019 జూన్ 27న ఇంకో తీర్పు వచ్చింది. అది మనకు ఇంకా దగ్గరిది. 2020 జనాభా లెక్కల్లో 'నువ్వు సిటిజన్‌వేనా' అనే ప్రశ్న పెట్టాలన్న ప్రయత్నాన్ని సుప్రీంకోర్టు ఆపింది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చేటప్పుడు ఓటర్లను కాదు, మనుషులందరినీ లెక్కపెట్టాలని ఇక్కడి రాజ్యాంగంలో ఉంది. అంటే వీసా మీద పనిచేసే మేస్త్రీ, వంటవాడు, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్ట్ చేసే తమ్ముడు, వీళ్లంతా ఆ లెక్కలో ఒక్కొక్క మనిషే.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకోవాలి. 2020లో మేము ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. లీజులో ఉన్నది ఇద్దరి పేర్లే. సెన్సస్ మనిషి వచ్చి తలుపు కొడితే టీవీ సౌండ్ తగ్గించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆయన రెండుసార్లు వచ్చి వెళ్లిపోయాడు. ఏదో గండం గడిచిందనుకున్నాం. ఈ కథ తెలిశాక, ఆ రోజు మమ్మల్ని మేమే లెక్కలోంచి తీసేసుకున్నామని అర్థమైంది. సీట్లే కాదు, రోడ్లకూ ఆసుపత్రులకూ వచ్చే డబ్బులు కూడా చాలావరకు ఆ తలల లెక్క మీదే పంచుతారు.

కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా, రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, 2030లో సెన్సస్ ఫారం వస్తే ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ రాయించండి. ఆ వివరాలు ఇంటి ఓనరుకు గానీ, పోలీసుకు గానీ, ఇమ్మిగ్రేషన్ వాళ్లకు గానీ ఇవ్వకూడదని చట్టం ఉంది. రెండు, లెక్కలో ఉండడం వేరు, ఓటు ఉండడం వేరు. సిటిజన్ కానివాళ్లు డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్‌లో తెలియక కూడా ఓటరు నమోదు గడిలో టిక్ పెట్టకండి. అది నేరం కిందికి వస్తుంది, ఈ దేశంలో ఉండే దారే మూసుకుపోవచ్చు.

ముగ్గు పోసేది మన చేతుల్లో లేదు. కానీ ముగ్గు పోసే ముందు జాగా కొలుస్తారు. ఆ కొలతలో మనం తగ్గకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది.