రక్తపు పోటు: కొలత కథ

నాడి చూచు విద్య ప్రాచీనము. రక్తపు పోటును అంకెలలో తెలుపు విద్య నవీనము. ఆంగ్ల మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ గుఱ్ఱపు ధమనికి గాజుగొట్టము సంధించి, అందు నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎగయుట గాంచి, 1733లో ప్రకటించెను. ధమనిని కోయవలసిన ఆ పద్ధతి మనుష్యులకు తగదు.

1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చి దండచేతికి గాలిపట్టీ చుట్టి, పాదరస స్తంభముతో పోటును కొలిచెను. కాని ఆ పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే. ఇఱుకు పట్టీ ఉన్నదానికంటె హెచ్చు అంకెను చూపును. 1901లో జర్మను వైద్యుడు రెక్లింగ్‌హౌసెన్ పట్టీని వెడల్పు చేసి ఆ దోషమును సవరించెను. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్కాఫ్ పట్టీ దిగువ స్టెతస్కోపు నుంచి ధ్వనులు వినుట తెలుపగా, పై అంకెతోపాటు క్రింది అంకెయు తేటపడెను.

1940లో అమెరికా వైద్యులు అయ్‌మన్, గోల్డ్‌షైన్ రోగులచే ఇంటనే కొలిపించి, వైద్యశాలలోకంటె ఆ అంకెలు సాధారణముగా తక్కువగా నుండుట గమనించిరి. ఇంటి కొలతకు విలువ అప్పుడే తెలిసినది.

నేడు మీట నొక్కినంతనే అంకె తెలుపు యంత్రములు ఇండ్లకు వచ్చినవి. అయినను పాత పాఠము మాఱలేదు. చేతికి తగిన పట్టీ, వీపునకు ఆనుడు, గుండె యెత్తున నిలిపిన చేయి, అయిదు నిమిషముల విశ్రాంతి, మౌనము: ఇవి లోపించినచో యంత్రము మంచిదైనను అంకె తప్పగును. ఆ అంకెను నమ్మి వైద్యుడు మందు హెచ్చించినను తగ్గించినను, అనుభవించువాడు రోగియే.