పొద్దుగూకిన వేళ ‘జపం’

నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీది మాడుగులపల్లి నల్లగొండ జిల్లాలోది. 1976లో ఏర్పడిన నల్లగొండ కతోలిక మేత్రాసనం (డయోసిస్) పరిధిలోని ఊరు ఇది. ఇక్కడి కతోలికుల ఇళ్లలో పొద్దుగూకాక చేసేది ‘జపం’. ప్రొటెస్టెంటుల ఇళ్లలో అదే వేళకు ‘కుటుంబ ప్రార్థన’.

ఈ రెండు మాటలూ సంస్కృతం నుంచి వచ్చినవే, కానీ దారులు వేరు. ‘ప్రార్థన’లో ఉన్నది ‘అర్థ్’ ధాతువు: కోరడం, అడగడం. ‘జప్’ అంటే పెదవుల మధ్య మెల్లగా పలకడం. అందులో అడగడం లేదు, పలికిందే మళ్లీ పలకడం ఉంది. గుడిలో వినపడే ఈ మాటను కతోలికులు తమ ఇంటి మాట చేసుకున్నారు. పరలోక జపం, మంగళవార్త జపం, జపమాల అన్నీ అలా వచ్చినవే. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మోగగానే చెప్పుకునేది త్రికాల జపం. జపమాలలో మంగళవార్త జపం 53 సార్లు వస్తుంది. అలసిన మనిషికి కొత్త మాటలు వెతుక్కునే పని ఉండదు. రోజు చివర ఆ పునరుక్తే విశ్రాంతి. అందుకే ఆ వేళకు ‘జపం’ ఎంతో తగిన మాట అంటాను.

‘ప్రార్థన’ మాత్రం జనం నోట ఇంకా విస్తరించింది. “మా ఇంట్ల ప్రార్థన పెట్టుకున్నం, రాండ్రి” అంటే అది ఇరుగుపొరుగుకు పిలుపు. కీర్తనల గ్రంథం 141వ కీర్తన తెలుగు అనువాదంలో సాయంకాలం చేతులెత్తడాన్ని ‘నైవేద్యము’తో పోల్చారు. అదీ మన గుడి మాటే.

పొద్దుగూకాక చేసే ఈ ఆరాధనను మీ ఇంట్లో పెద్దలు ఏమని పిలిచేవారో ఈ రాత్రే అడిగి రాసిపెట్టుకోండి.