కత్లె అమ్ద్: నిర్ణాయకం ఆయుధమా, ఉద్దేశమా?

మన పల్లెల్లో మనిషి ప్రాణం ఎలా తీసినా ‘ఖూనీ’ అంటారు. రక్తం అనే అర్థం గల పారసీ ‘ఖూన్’ నుంచి వచ్చిన మాట ఇది. ఫిఖ్హ్ గ్రంథాలను తెనిగించే మాబోటివారికి ఈ ఒక్క మాట చాలదు. హనఫీ ధర్మవేత్తలు ప్రాణహరణాన్ని అయిదు విధాలుగా విభజించారు: బుద్ధిపూర్వకమైనది (అమ్ద్), దానిని పోలినది (షిబ్హె అమ్ద్), పొరపాటు (ఖతా), నిద్రలో పొర్లి శిశువుపై పడటం వంటి పొరపాటుతో సమానమైనది, పరుల స్థలంలో గొయ్యి తవ్వడం వంటి కారణం చేత కలిగినది. మొదటిదానికే కిసాస్, తక్కినవాటికి దియత్, అనగా రక్తపరిహారం.

మొదటి రెండింటి నడుమనే చిక్కంతా. ఉద్దేశం హృదయంలో దాగి ఉంటుంది, కంటికి కనిపించే సాక్ష్యం ఆయుధమే గదా! కనుక కత్తితోనో, నిప్పుతోనో చంపితేనే అమ్ద్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) నిర్ణయించారు. పెద్ద దుంగతో కొట్టినా ఆయన దృష్టిలో అది షిబ్హె అమ్ద్. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్లు దీనికి సమ్మతించలేదు. సాధారణంగా ప్రాణం తీయగల వస్తువేదైనా సరే, దానితో కావాలని కొడితే అది అమ్దే అన్నారు.

1790 మొదలు బెంగాల్‌లో కారన్‌వాలిస్ రెండు మార్పులు చేశాడు. ఆయుధాన్ని గాక ఉద్దేశాన్ని చూడాలన్నాడు; మృతుని వారసులకు గల క్షమాధికారాన్ని తొలగించాడు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. మొదటిది శిష్యద్వయం చెప్పినదే, మజ్‌హబ్ గడప దాటలేదు. రెండవది దివ్య ఖుర్ఆన్ (2:178) వారసునికి స్పష్టంగా ఇచ్చిన హక్కును లాగివేసింది.

1802లో మద్రాసు రాజధానిలోనూ కంపెనీ కోర్టులు ఏర్పడ్డాయి. జగ్గయ్యపేట వైపు కంపెనీ పాలన. ఇవతల కోదాడ, అనంతగిరి నిజాం రాజ్యం. 1862 జనవరి 1న అటు అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఇటు 1951లో గాని రాలేదు.

ఆ స్మృతిలోనూ కర్ర ప్రశ్న తప్పలేదు. 1972లో గుంటూరు జిల్లా నెకరికల్లు బస్టాండులో రొంపిచర్లకు చెందిన ఒక వృద్ధుణ్ణి ప్రత్యర్థులు బరువైన కర్రలతో కాళ్లూ చేతులూ విరిగేలా కొట్టారు. మరునాడు ఆయన మరణించాడు. దెబ్బలు ఆయువుపట్టుపై పడలేదని హైకోర్టు నేరాన్ని తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు దానిని తిరిగి హత్యగా నిర్ణయించింది. కావాలని చేసిన ఆ గాయాలు సహజంగా ప్రాణం తీయడానికి చాలినవేనన్నది. శిష్యద్వయం వాదం చదివినవారికి ఈ తర్కం కొత్త కాదు.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299, 300 సెక్షన్లు 100, 101 అయ్యాయి. హత్య మాత్రం రాజీపడదగిన నేరం కాదు. వారసులు క్షమించామన్నా కేసు ఆగదు.