వెనక చోటు ఖాళీగా ఉన్న మేక

పులిజూదంలో పులి పక్కనే మేక ఉన్నా చాలదు. అదే గీత మీద మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకి దాన్ని కొట్టగలదు. వెనక ఇంకో మేక నిలబడితే పులి చేతులు కట్టుకోవాల్సిందే. మా ఇంట్లో పిల్లలు అస్సాసిన్స్ క్రీడ్ అనే వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. అందులోనూ ఇదే కట్టుబాటు! ఒంటరిగా ఉన్న కాపలావాణ్ణి వెనకనుంచి వెళ్లి పడేయొచ్చు. అతని వీపు మీద ఇంకో భటుడి చూపు ఉంటే మాత్రం కత్తి దూసిన మరుక్షణం ఊరంతా గోల. ఆ సంతోషం ఆగక, ఈ దొంగచాటు ఆటల వంశవృక్షం వెతకడం మొదలుపెట్టాను.

ముందు మన ఆట సంగతి. ఓర్వకల్లు వైపు ఊళ్లలో రచ్చకట్ట మీది నాపరాయి పైనే పటం ఉంటుంది. కొన్నిచోట్ల ఉలితో చెక్కింది, కొన్నిచోట్ల బొగ్గుతో గీసింది. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతపిక్కలు. మేకలు ఒక్కొక్కటిగా పటంలోకి వస్తాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులులు మాత్రం మొదటినుంచీ తిరుగుతూనే ఉంటాయి. ఒక పెద్దాయన ఆడుతూ పక్కనున్న కుర్రాడికి చెబుతుంటే విన్నాను: "కాయ పెట్టేముందు దాని యెనక చూడు నాయనా. ముందర పులి ఉంటే ఏం కాదు, యెనక ఖాళీ ఉంటేనే సావు." తర్వాత ఆయన ఒక్కో చింతపిక్కనూ రెండు వేళ్లతో పట్టుకుని, పెట్టేముందు గీత చివరిదాకా చూపు పోనిచ్చి మరీ దించుతున్నాడు. కాపలావాళ్లను ఎక్కడ నిలబెట్టాలో తేల్చే ఆట రూపకర్త చేసే పనీ ఇదే.

అక్కణ్నుంచి ఒక్క దూకున 1981కి వచ్చేద్దాం. అమెరికాలో సైలస్ వార్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం క్యాజిల్ వోల్ఫెన్‌స్టైన్ రాశాడు. నాజీల కోటలో బందీ తప్పించుకోవాలి, పోతూ పోతూ యుద్ధ పథకాలు ఎత్తుకుపోవాలి. కోటలో దొరికిన యూనిఫాం తొడుక్కుంటే మామూలు కాపలావాళ్లు పోనిస్తారు, ఎస్‌ఎస్ వాళ్లు మాత్రం పట్టేస్తారు. మారువేషం కిటుకు కంప్యూటర్ ఆటల్లోకి అంత తొందరగానే వచ్చింది.

1987లో జపాన్‌లో హిడియో కొజిమాకు యుద్ధం ఆట చేయమని పని అప్పజెప్పారు. ఎంఎస్‌ఎక్స్2 యంత్రం ఒకే అడ్డవరసలో 8 కదిలే బొమ్మలకు మించి చూపలేదు. సైనికులు, తూటాలు ఎక్కువైతే కొన్ని మాయమైపోతాయి. యుద్ధం చూపించలేనప్పుడు శత్రువు కంటపడకుండా పోవడాన్నే ఆటగా మలిచాడు. అదే మెటల్ గియర్. లేమిలోంచి పుట్టిన ఇలాంటి తెలివి సీమవాళ్లకు కొత్తేమీ కాదు.

1998లో టెంచు, థీఫ్, మెటల్ గియర్ సాలిడ్ వెంటవెంటనే వచ్చాయి. పాత జపాన్ రాజ్యాల్లో నింజాగా తిరిగే టెంచును చారిత్రక దొంగచాటు ఆటలకు పెద్దన్న అనుకోవచ్చు. థీఫ్‌లో గచ్చు మీద అడుగు చప్పుడవుతుంది, తివాచీ మీద కాదు.

నా ప్రాణం మాత్రం 2007 నుంచి 2010 దాకా నడిచిన కాలం దగ్గరే ఆగిపోతుంది. మొదటి అస్సాసిన్స్ క్రీడ్ 1191లో, డమాస్కస్, అక్కా, జెరూసలేం వీధుల్లో నడుస్తుంది. అందులో చీకటి కన్నా జనమే పెద్ద చాటు. తెల్లబట్టల పండితుల గుంపులో తలవంచుకుని, చేతులు జోడించి నడిస్తే భటులు పట్టించుకోరు. బెంచీ మీద ఇద్దరి మధ్య కూర్చుంటే చాలు, వెతికేవాడు ముందునుంచే వెళ్లిపోతాడు. 2009లో రెండో ఆట వచ్చేసరికి ఏ గుంపులోనైనా కలిసిపోవచ్చు.

2010లో వచ్చిన బ్రదర్‌హుడ్ ఇంకో మెట్టెక్కింది. ఇంటర్నెట్‌లో పలువురు కలిసి ఆడేటప్పుడు నీకొక వేట ఉంటుంది, నిన్ను వేటాడేవాడూ ఉంటాడు. ఇద్దరూ జనంలోనే ఉంటారు. నీలాంటి పురోహితుడో, వైద్యుడో, మంగలో వీధిలో ఇంకా నలుగురు తిరుగుతుంటారు. పరుగెత్తినవాడు దొరికిపోతాడు. నింపాదిగా నడిచి వేటను ముగిస్తే ఎక్కువ పాయింట్లు. మార్ఫ్ అనే విద్యతో పక్కనున్న జనాన్నంతా నీ రూపంలోకి మార్చేయొచ్చు. వెనక ఖాళీని మేకలతో నింపడమంటే ఇదే కదా! పులీ మేకా ఒక్క మనిషిలోనే ఉన్న ఆట అది.

2022లో ఆ ఆట సర్వర్లు మూసేశారు. రాతి మీద చెక్కిన పటం వందల ఏళ్లు నిలుస్తుంది, సర్వర్ మీది పటం పన్నెండేళ్లకే పోయింది. అంతకుముందే, 2017లో ఇదే వరసలో వచ్చిన ఆరిజిన్స్‌లో జనంలో కలిసిపోయే కిటుకునే తీసేశారు. ఈజిప్టు ఎడారి ఎంత అందంగా ఉన్నా నాకు వీధి లేని లోటు తెలుస్తూనే ఉంది. 2023లో మిరాజ్ బాగ్దాద్ బజారుతో పాటు ఆ కిటుకును కొంత తిరిగి తెచ్చింది. మనవైపూ నష్టం తక్కువేం కాదు. బాగుచేస్తున్నామని పాత బండల మీద టైల్స్ పరిచిన ప్రతిచోటా ఒక పులిజూదం పటం కప్పబడిపోయి ఉండొచ్చు. పని మొదలయ్యేముందు ఒక్క ఫొటో అయినా తీసి పెట్టుకోవాలి.

ఈ వరసలో మనదేశం వంతు 2016 జనవరిలో వచ్చింది. అస్సాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా కథ 1841లో, సిక్కు రాజ్యంలో, కోహినూరు చుట్టూ తిరుగుతుంది. ఇంకో ఐదేళ్లు ముందుకు, దక్షిణానికి జరిగి ఉంటే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎదురయ్యేవాడు. 1846లో ఈస్టిండియా కుంపిణీ మీద తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడి, తర్వాత కొండలూ అడవులూ పట్టి తిరిగిన పాలెగాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. 2021లో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

ఈ కథను ఎవరైనా ఆటగా కడితే రెడ్డిని మరో హంతక వీరుడిగా చేయొద్దని నా కోరిక. దొంగచాటు ఆటలు దాదాపు అన్నీ మనకు పులి పక్షమే ఇచ్చాయి. ఇక్కడ కుంపిణీ దళాలు పులులు కావాలి, ఆటగాడి చేతికి ఊరివాళ్లు రావాలి. అన్నం మూట పంపే ఇల్లు, దారి తప్పుగా చెప్పే గొర్రెలకాపరి, గుర్రాల లెక్క చెవిన వేసే చాకలి, వీళ్లలో ఎవరి వెనక ఎవర్ని నిలపాలన్నదే ఆట. ఓర్వకల్లు రాళ్ల సందులు, నల్లమల అంచు, కోయిలకుంట్ల బజారు అన్నీ పాత కర్నూలు జిల్లాలోనివే. పటం గీసేవాళ్లు రెండు రోజులు బండేసుకుని తిరిగితే చాలు.