పాడుతూ పోయిన ప్రాణాలు

క్షయతో తీసుకుంటున్న మనిషి ఆఖరి ఘడియల్లో గొంతెత్తి పాడటమేమిటని ఇటలీ ఒపేరాలను వెక్కిరించేవాళ్లున్నారు. బందరు, గుడివాడ, దివిసీమ వైపు వాళ్లకు మాత్రం ఆ హక్కు లేదు. హరిశ్చంద్రలో ఒక్క కాటిసీను కోసమే అర్ధరాత్రి దాకా కూర్చున్న జనం మనం. కళ్లముందు కొడుకు శవం ఉంటే, పద్యం చివర రాగం ఎంతసేపు నిలబెడతాడా అని హార్మోనియం వంక చూసిన వాళ్లం. ‘వన్స్ మోర్’ అంటే చచ్చిపడ్డ పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయిందని నాటకాలవాళ్లు నవ్వుతూ చెప్పే కబుర్లు ఎన్నో. మిలాన్‌లో సంగీత దర్శకుడు తొస్కనీని ఈ వన్స్ మోర్ గోల పడలేకే 1903లో లా స్కాలాను వదిలి వెళ్లాడు. మన కంపెనీల్లో చేరి ఉంటే వారం తిరిగేది కాదు.

కష్టాన్ని పాడటం ఇక్కడ పాతదే. ప్రేమకథ చావుతో ముగియడమే ఆలస్యంగా వచ్చింది.

కూచిపూడి భాగవతుల సంగతే తీసుకోండి. చింతా వెంకటరామయ్య (1860–1949) తీర్చిదిద్దిన యక్షగానాల్లో ప్రేమకథల పేర్లు వినండి: ఉషాపరిణయం, శశిరేఖాపరిణయం. పెళ్లి పేరులోనే ఉంది. భామాకలాపంలో సత్యభామ ఎంత వేగిపోయినా చివరికి కృష్ణుడు రావాలి, మంగళం పాడాలి. నాలుగు చేతులూ వేసి ఆట పెట్టించిన ఊరు ఏడుపుతో ఇంటికి పోవడానికి ఒప్పుకోదు.

ఇటలీలోనూ మొదట్లో ఇదే వరస. సంగీతంతో సహా మనకు దక్కిన ఒపేరాల్లో మొట్టమొదటిది యాకొపో పెరి ‘యూరిడిచె’. 1600లో ఫ్లారెన్స్‌లో, మరియా దె మెదిచికి ఫ్రాన్సు రాజుతో జరిగిన పెళ్లి వేడుకల్లో ఆడారు. పురాణంలో ఓర్ఫియస్ వెనక్కి తిరిగి చూసి, పాతాళం నుంచి తెచ్చుకుంటున్న భార్యను పోగొట్టుకుంటాడు. పెళ్లివారి ముందు అదెలా ఆడతారు? వెనక్కి చూడకూడదన్న షరతే ఎత్తేసి, ఇద్దర్నీ క్షేమంగా ఇంటికి చేర్చారు.

ఇక మన వైపు. ధార్వాడ నాటక కంపెనీలు ఆంధ్రదేశం తిరిగి వెళ్లాక బందరుకు హిందూస్తానీ నాటకాల పిచ్చి పట్టుకుంది. అక్కడి నేషనల్ థియేట్రికల్ సొసైటీ కోసం దివి తాలూకా సీతారామపురం అగ్రహారీకుడు నాదెళ్ల పురుషోత్తమకవి 1884–86 మధ్య 32 హిందీ నాటకాలు రాశారు. రాసింది తెలుగు లిపిలో, ఆడింది తెలుగువాళ్లు, చూసింది బందరు జనం. అందులో ఎంతమందికి ఆ భాష అర్థమై ఉంటుంది? వేషం, పాట, కథ మీద ముందే ఉన్న ఎరుక, ఈ మూడింటితో గడిచిపోయింది. లండన్‌లో ఇటాలియన్ ఒపేరాకు వెళ్లే పెద్దమనుషుల పరిస్థితీ అదే.

విషాదాంతానికి తలుపు తీసింది మాత్రం బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1887లో ‘చిత్రనళీయం’ ఆడించి, నాటకంలో పద్యానికీ పాటకూ పెద్దపీట వేసినవాడు ఆయన. తరవాత ‘విషాద సారంగధర’ రాశాడు. సవతితల్లి చిత్రాంగి మోహం, రాకుమారుడి నిరాకరణ, కాళ్లూ చేతులూ నరికించిన రాజు. పాత కథలో సిద్ధుడొచ్చి అవయవాలు మళ్లీ మొలిపిస్తాడు. ఆచార్యులవారు ఆ సిద్ధుణ్ణి రానివ్వలేదు. ఫ్లారెన్స్‌లో చేసినదానికి ఇది సరిగ్గా తలకిందులు. తెలుగు నాటకానికి ఇంతకన్నా ధైర్యమైన కోత ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

మళ్లీ ఇటలీ వైపు చూస్తే, సంగీతకర్త వెర్ది ఒపేరా ‘లా త్రవియాతా’ 1853 మార్చి 6న వెనిస్‌లో బోర్లాపడింది. చక్కగా ఒళ్లున్న గాయని క్షయతో చనిపోతుంటే జనం నవ్వారు. పైగా ఇది ఈ కాలపు కథ, ఇప్పటి బట్టలే వేయాలని వెర్ది పట్టుబడితే, అధికారులు కుదరదని 1700 నాటికి నెట్టారు. మరుసటి ఏడు అదే ఊళ్లో మరో థియేటర్లో ఆడితే జనం నెత్తిన పెట్టుకున్నారు.

‘లా త్రవియాతా’ బోర్లాపడిన నూరేళ్లకు, 1953లో, ‘దేవదాసు’ సినిమా వచ్చింది. కథ బెంగాలుది. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. వేషం కట్టిన అక్కినేనిది గుడివాడ దగ్గరి రామాపురం, చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలు వేసిన మనిషి. గొంతిచ్చిన ఘంటసాలది గుడివాడ వైపే, చౌటపల్లి. కథను పెళ్లితో ముగించే కూచిపూడి నుంచి వచ్చిన మనిషే, ప్రియురాలి గుమ్మం ముందు ప్రాణం వదిలే కథను తెలుగువాళ్లకు ఏళ్లతరబడి చూపించాడు. రెండేళ్లకే ఈ ముగ్గురూ కలిసి ‘అనార్కలి’ కూడా తీశారు. ఒక మనిషి నటించి ఇంకొకరు పాడటంతో ఒళ్లున్న గాయని చిక్కు కూడా తీరిపోయింది.

ఇప్పుడు ఇలాంటి పాట విషాదాన్ని మళ్లీ రంగం మీద పెట్టాలంటే ఏం చేయాలి? ఈ తరానికి ఓపిక లేదని అందరూ మొదట రాగాలు తెగ్గొడతారు. పోటీల్లో టైము గంట కొడుతుందని పద్యాన్ని పరుగెత్తిస్తారు. ఆ రాగం తీసేశాక మిగిలేది కథ ఒక్కటే, అది అందరికీ తెలిసిందే. కుర్రవాళ్లకు విసుగు పుట్టించేది నిడివి కాదు, మాట అందకపోవడం. మూడు గంటల సినిమాకు కిక్కురుమనకుండా కూర్చునేవాళ్లు సంస్కృత సమాసం రెండోపాదంలోనే ఫోన్ తీస్తారు.

ఒపేరావాళ్లకు ఈ తలనొప్పి ముందే వచ్చింది. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపేరా కంపెనీ ‘ఎలెక్ట్రా’ ఆడినప్పుడు వేదిక పైన తెర కట్టి, పాడుతున్న మాటకు ఇంగ్లీషు అర్థం వేసింది. చూపు చెదిరిపోతుందని పెద్దలు గొణిగారు, అయినా పెద్ద థియేటర్లన్నీ అదే దారి పట్టాయి. బందరులో ‘విషాద సారంగధర’ వేసేవాళ్లు ఒక ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకుంటే చాలు. పద్యం పైన, తేట తెలుగు తాత్పర్యం కింద. రాగం జోలికి పోవద్దు. ఎవరు అడిగినా, చందా ఇచ్చిన పెద్దలే అడిగినా, చివర్లో సిద్ధుణ్ణి మాత్రం పిలవద్దు.