రంగము - రహదారి చీటి

"రంగము పోయినాడు" అను మాట వినని యిల్లు మన తీరపు జిల్లాల పల్లెలలో నొకప్పుడు లేదు. రంగమనగా రంగూను. ఆ మాట పలుకు తల్లికి గాని భార్యకు గాని అది పరదేశమను తలంపు లేదు. ఓడ యెక్కి పోయి, రెండుమూడేండ్లు కూలి చేసి, అప్పు తీర్చుటకు నాలుగు రూపాయలు మూట గట్టుకొని మరల వచ్చు చోటు అది. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులలో పొగయోడలు నిలిచెడివి. కూలివాడు ఓడ పైతట్టున చాప పఱచుకొని, మూట తలక్రింద బెట్టుకొని పోయెడివాడు. రంగూనులో దిగునపుడు దేహపరీక్ష చేయు వైద్యుడు అడ్డము వచ్చెడివాడే గాని, నీ దేశమేది, నీ చీటి యేది, యెన్నాళ్లుందువు అని యడుగువాడు లేడు.

ఆ సముద్రము సరిహద్దుగా మారిన కథ చెప్పదలచితిని. శాతవాహనుల నాణెములపై నున్న ఓడబొమ్మలను గూర్చి మన పండితులు విశేషముగా వ్రాసిరి, వ్రాయదగినదే. కాని యీ కూలివాని సముద్రయానమునకు మన చరిత్రలలో నొక పుట దొరకుట కష్టము. అతడు శాసనములు వేయింపలేదు గదా!

బర్మావారు తెలుగువానిని కోరంగీ యనిరి. గోదావరి పాయలలో నొకదాని ముఖమున నున్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను దానిని తుడిచివేసినది. రేవు పోయినది, దాని పేరు మాత్రము సముద్రమున కావలి యొడ్డున నూఱేండ్లు నిలిచినది. శ్రీకాకుళమువాడైనను, తునివాడైనను అక్కడ నతనికదే పేరు.

1852 యుద్ధముతో దిగువ బర్మాను, 1885 యుద్ధముతో ఎగువ బర్మాను ఆంగ్లేయులు గైకొని, దానిని హిందూదేశపు రాష్ట్రములలో నొకటిగా జేసిరి. ఇరావతీ లంకలలో అడవులు నఱికి వరిచేలు వేసిరి. వడ్లు దంచు యంత్రశాలలు వెలసినవి. రేవులో బియ్యపు బస్తాలు మోయుటకు చేతులు కావలసివచ్చినవి. మనయొద్ద కఱవు, అప్పు, భూమిలేమి. తక్కినది ఊహింపవచ్చును. 1931 జనాభా లెక్కలో బర్మాయందలి హిందూదేశీయులు పదిలక్షలు దాటిరి. రంగూను నగరపు నాలుగులక్షల జనములో సగమునకు మించి వీరే. 1927లో ఒక్క యేటనే అక్కడ దిగినవారు నాలుగులక్షలకు పైబడిరి. అదే యేట మరలిపోయినవారును మూడులక్షలకు పైనే. ఈ రెండవ అంకెను చదువరులు మఱవరాదు. వీరిలో ఎక్కువమంది కాపురమునకు పోయినవారు కారు, పోయి వచ్చువారు. రాకపోకలే వారి బ్రదుకు. స్త్రీలు వెంట పోవుట మిక్కిలి తక్కువ. ఇక్కడ నొక యిల్లాలు మనియార్డరుకై యెదురుచూచుచుండెను. కొందఱ విషయమున అక్కడ నొక బర్మా స్త్రీయు అట్లే యెదురుచూచుచుండెను. మన సంస్కర్తలు ఈ రెండవ స్త్రీని గూర్చి మాటాడినది స్వల్పము.

సరిహద్దు లేకుండుట వలన కూలివాడు సుఖించెనని మాత్రము చెప్పజాలను. 1922 నాటి వలస చట్టము సింహళమునకు, మలయాకు పోవు కూలీలకు కొంత రక్షణ కల్పించినది. అక్కడ విచారించుటకు ప్రభుత్వ ప్రతినిధులుండిరి. బర్మా మన దేశములోని భాగమే గనుక అక్కడికి పోవువాడు వలసపోవువాడు కాడట! అందుచే ఆ చట్టము వానిని తాకలేదు. వానిని తాకినవాడు మేస్త్రి. ఊరిలో బయానా యిచ్చి, ఓడకూలి తాను గట్టి, ఆ బాకీని నెలనెల కూలిలో విఱుచుకొనువాడు మేస్త్రియే. ఓడలకు సరకెత్తించు కంపెనీ దొర మేస్త్రికి రూపాయ యిచ్చిన, అందులో నెంత కూలివాని చేతికి వచ్చునో మేస్త్రికి దక్క నెవరికిని తెలియదు. తన యజమాని యెవడో యెఱుగకయే యేండ్లు గడపినవారున్నారు.

బర్మావారి బాధయు నున్నది. దానిని దాచి చరిత్ర వ్రాయుట న్యాయము కాదు. 1930 తరువాతి ధరల పతనములో దిగువ బర్మా వరిపొలములలో నాలవవంతు చెట్టియారుల చేతిలో బడినది. భూమి పోయి నగరము చేరిన బర్మా రైతునకు రేవులో పని లేదు. అది తక్కువ కూలికి తెలుగువాడు చేయుచున్నాడు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. కంపెనీలు బర్మావారిని పిలిచి పనిలో బెట్టినవి. సమ్మె తీఱగానే వారిని పొమ్మన్నవి. మే 26న రేవునొద్ద మొదలైన పోట్లాట నగరమంతయు వ్యాపించినది. చచ్చినవారు నూటికి మించిరి. వారిలో మిక్కిలి మంది మనవారు. ప్రాణభీతిచే పరుగెత్తిన తెలుగు కూలీలను వేలకొలదిగా పాత పిచ్చాసుపత్రి ఆవరణములో జేర్చి తలుపులు వేసిరి. ఇరువురు పేదల నడుమ కత్తి పెట్టినవారు ఆ వారమున తమ ఓడలు నిండలేదని మాత్రమే చింతించి యుందురు.

1937 ఏప్రిలు 1న బర్మా హిందూదేశము నుండి వేఱుపడినది. ఆనాడు సముద్రమున గీత యెవ్వరికిని కనబడలేదు. ఓడలు పూర్వమువలెనే నడచినవి. 1938లో మరల కొట్లాటలు. పిమ్మట వలసను గూర్చి విచారించుటకు బాక్‌స్టరు అను నుద్యోగిని నియమించిరి. హిందూదేశపు కూలీలు బర్మావారిని పనులనుండి తఱిమివేసిరనుటకు ఆధారము కనబడలేదని యతడు తేల్చెను. అయినను 1941లో ఇరు ప్రభుత్వములును చేసికొన్న ఒడంబడిక యీ నివేదికకు తోబుట్టువు వలె లేదు. పనితనము లేని కూలీలు పోవుటను జూలైలో ఆపివేసిరి. అక్టోబరు మొదలు చీటీల పద్ధతి నడువవలసియుండెను. ఒక తరగతి చీటి గలవాడు ఎన్నాళ్లయినను ఉండి పని చేయవచ్చును. రెండవ తరగతివాడు చీటిలో వ్రాసిన కాలము వఱకే. చీటికి రుసుము. బర్మా స్త్రీతో కాపురము చేసినచో చీటి రద్దగునట్లు షరతు పెట్టుటకును వీలు కల్పించిరి. గాంధీగారు ఈ ఒడంబడికను తీవ్రముగా నిరసించిరి.

నాకు వీటన్నిటిలో కఠినమని తోచునది మఱియొక షరతు. అనేక వత్సరములుగా అక్కడ నున్నవానికి కొంత హక్కు నిచ్చి, నియమిత కాలమునకు మించి దేశము విడిచియున్న నది పోవునని వ్రాసిరి. అనగా రాకపోకలతో బ్రదుకువానితో "ఉన్నచో నుండుము, పోయినచో పోయితివి" అనుట. తల్లి మంచము పట్టినదని జాబు వచ్చిన కూలివాడు ఇకమీదట ఓడ యెక్కుటకు ముందు రోజులు లెక్కించుకొనవలయును.

ఈ లెక్క నేటి చదువరులకు కొత్తది కాదు. అమెరికాలో 1990 చట్టముచే నేర్పడిన హెచ్-1బి పద్ధతిపై పని చేయు బిడ్డలు మనలో నెందఱికో కలరు. అక్కడ ఉండి పనిచేయుటకు అనుమతి వేఱు, వెలుపలికి పోయి మరల ప్రవేశించుటకు వీసా వేఱు. మొదటిది చక్కగా నున్నను, రెండవదానికి గడువు తీఱినవాడు ఇంటికి వచ్చినచో, స్టాంపింగు కొఱకు కాన్సులేటు ముందు నిలువవలసినదే. తండ్రి కర్మకు రాలేక దూరమున కూర్చుండి తెరపై చూచినవారిని నే నెఱుగుదును. 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుమను ఉత్తరువు వెలువడగా, సెలవుపై వచ్చినవారు సామాను విప్పకయే విమానము లెక్కిరి. అది కొత్త దరఖాస్తులకే యని తరువాత తెలియజేసిరి. చదువుకొన్నవాని గతియే యిట్లుండ, వ్రేలిముద్ర వేయు కూలివాడు చీటిలోని షరతును ఎట్లు తెలిసికొనును?

చీటీల యేర్పాటు కుదురుకొనకమునుపే యుద్ధము వచ్చినది. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. రేవు వాడలలో నుండువారు కూలీలే గనుక చచ్చినవారిలో వారే ఎక్కువ. మిగిలినవారు ఉత్తరమునకు పరుగెత్తిరి. నిన్నటి వఱకు ఎక్కువైరనిపించుకొన్నవారు నేడు లేనిది రేవు నడువదని ప్రభుత్వమునకు తోచినది. ప్రోము దారిలో వారిని అడ్డగించి, నచ్చజెప్పి వెనుకకు మరలించిరి. ఓడలలో పైతట్టు టిక్కెట్లు వయసు మగవారికి అమ్మరాదని ఉత్తరువిచ్చిరి. రాకుండుటకు చీటి కావలెనన్నవారే పోకుండుటకును అడ్డము నిలిచిరి.

1942 మార్చిలో రంగూను పడిపోయినది. ఇక మిగిలినవి కాలిదారులు. టౌంగప్ కనుమ మీదుగా అరకాను తీరమునకు కొందఱు, తమూ మీదుగా మణిపురమునకు కొందఱు, హుకాంగు లోయ మీదుగా అస్సాములోని లేడోకు కొందఱు నడచిరి. కలరా, మన్యజ్వరము, ఆకలి, వానలు. నాలుగైదు లక్షలమంది దేశము చేరిరని లెక్క. దారిలో పడినవారిని లెక్కించినవారు లేరు గాని పదులవేలని యంచనా వేసినవారు కలరు. ఆ అడవిలో సయితము తెల్లవారికి వేఱు దారి, నల్లవారికి వేఱు దారి యని వాడుక యేర్పడినది. ఆణేగారును, కుంజ్రూగారును మణిపురపు దారికి పోయి చూచి వచ్చి యీ భేదమును బయటపెట్టిరి. అక్కడ చీటి చూపుమన్నవాడు లేడు. చర్మము చూచిన చాలెను.

యుద్ధము ముగిసిన పిదప కొందఱు మరల పోయిరి. 1947లో బర్మా ప్రభుత్వము అనుమతి లేనిదే ఎవ్వరును ప్రవేశింపరాదని చట్టము చేసినది. 1948 జనవరి 4న ఆ దేశము స్వతంత్రమైనది. తన గడపకు తాను తలుపు పెట్టుకొనుట స్వతంత్రదేశమునకు హక్కే. 1962లో సేనాని నేవిన్ అధికారమునకు వచ్చెను. 1964లో దుకాణములు జాతీయము చేసిరి. ఆ యేట మే 17న యాబది, నూఱు క్యాట్ నోట్లు చెల్లవనిరి. అంతటితో తరతరాల కూడబెట్టు చిత్తుకాగితమైనది. ఓడలు మరల మన రేవులకు వచ్చినవి. దిగినవారిలో బర్మాలోనే పుట్టి, ఇంట తెలుగు పలుకుచు, ఈ తీరమును మున్నెన్నడును చూడనివారు అనేకులు. విశాఖపట్టణమున వారు చేరిన పేటను నేటికిని బర్మా క్యాంపు అందురు.