పోయిన లార్వా మళ్లీ ఎలా వచ్చింది?

ఈరోజు మన హీరో ఒక సాలమాండర్. చూడ్డానికి బల్లిలా ఉంటుంది కానీ కప్పకి చుట్టం. అమెరికాలో అపలాచియన్ కొండల వాగుల దగ్గర ఎక్కువగా కనిపించే ఈ గుంపు పేరు డెస్మోగ్నాథస్. వీటికి ఊపిరితిత్తులే లేవు! సరే, అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా మేటర్.

కప్ప జీవితం స్కూల్లో చదివాం కదా, గుడ్డు, తోకకప్ప, కప్ప. డెస్మోగ్నాథస్‌లో ఎక్కువ జాతులదీ ఇదే రూటు. గుడ్డులోంచి మొప్పలున్న లార్వా వస్తుంది, నీళ్లలో పెరిగి తర్వాత రూపం మార్చుకుంటుంది. దీని దగ్గరి బంధువులు మాత్రం ఆ స్టేజ్ ఎత్తేశాయి. నేల మీద గుడ్లు, అందులోంచి నేరుగా బుల్లి సాలమాండర్.

లార్వా ఉన్నది పాత మోడల్, లేనిది కొత్త మోడల్ అని సైంటిస్టులు చాలాకాలం అనుకున్నారు. 2004లో డీఎన్‌ఏ పోల్చి వంశవృక్షం గీస్తే సీన్ మారిపోయింది. డెస్మోగ్నాథస్ సరిగ్గా లార్వా లేనివాళ్ల కొమ్మల మధ్యలో కూర్చుంది. అంటే పూర్వీకులు వదిలేసిన దశని మళ్లీ తెచ్చుకుందా?

గొడవ ఇక్కడే. పరిణామం వెనక్కి నడవదని 1893లోనే బెల్జియం శాస్త్రవేత్త లూయీ డోలో చెప్పాడు. మన కోడ్ రిపోజిటరీలో పదేళ్లు పడున్నా అక్షరం మారదు. వాడని జీన్ అలా కాదు, మ్యుటేషన్లు పేరుకుని పాడైపోతుంది. 1994లో మార్షల్, ఇద్దరు రాఫ్‌లు కలిసి లెక్కేశారు. కోటి ఏళ్లు దాటితే అలాంటి జీన్ మళ్లీ లేవదు. వేరే ఏదో పనికి వాడుకుంటూ ఉంటే తప్ప.

ఆ "తప్ప" దగ్గరే అసలు కథ ఉంది. 2012లో ర్యాన్ కెర్నీ బృందం, లార్వా దశ లేని ఎర్రవీపు సాలమాండర్ పిండాల్ని పరిశీలించింది. నాలుకకీ మొప్పలకీ ఆధారంగా గొంతు దగ్గర ఒక అస్థిపంజరం ఉంటుంది. అందులో లార్వాలకే ఉండాల్సిన మృదులాస్థి ముక్కలు ఈ పిండాల్లో కొన్నాళ్లు కనిపించి, తర్వాత మాయమవుతున్నాయి. రూపాంతరం ఆగలేదు ఫ్రెండ్స్, గుడ్డు లోపలికి మారింది అంతే! అందుకే వాళ్లు దీన్ని పోయింది తిరిగి రావడం అనలేదు, ఉన్నదాన్నే పెంచుకోవడం అన్నారు.

నా ఓటు కూడా దీనికే. కాకపోతే చూసింది ఒక్క గొంతు భాగమే, దాంతో మొత్తం లార్వా లెక్క తేలిపోదు. పైగా దక్షిణ అమెరికాలో గాస్ట్రోథీకా కప్పలున్నాయి, ఆడవి వీపు సంచిలో గుడ్లు మోస్తాయి. కొన్ని జాతులు తోకకప్పల్ని వదులుతాయి, కొన్ని నేరుగా కప్పపిల్లల్ని. అక్కడా తోకకప్ప దశ పోయి తిరిగొచ్చిందా అని 2007లో జాన్ వీన్స్ బృందం ఇదే ప్రశ్న వేసింది.